కాగితంలో లేని ఆవు

రిటైరయ్యాక నన్ను రెండు నర్సింగ్ కాలేజీల వాళ్ళు పిలిచి పిల్లలతో మాట్లాడమన్నారు. రెండు చోట్లా ఒకే ప్రశ్న వచ్చింది. మీ సర్వీసులో మీరు కాపాడిన ఒక ప్రాణం గురించి చెప్పండి మేడమ్ అని. ఆపరేషన్ థియేటర్ సిస్టరుగా ముప్పై ఏళ్ళ పైన చేశాను గాని, ఇది నేను ఒక్కదాన్నే కాపాడిన ప్రాణం అని చెప్పుకోవడానికి ఏదీ లేదు. థియేటర్లో ఎవరూ ఒక్కరే ఏదీ కాపాడరు. ఒక్కరే చెడగొట్టడం మాత్రం వీలవుతుంది. నేను చెడగొట్టిన ముక్కు ఒకటి ఉంది. రెండు కాలేజీల్లోనూ దాని గురించే చెప్పాను. పిల్లలు కొంచెం నిరాశపడ్డారు. రాసిస్తే బాగుంటుందని ఒక లెక్చరరు అన్నందుకు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మా నాన్న సంగతి ఒకటి చెప్పాలి. మాది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చాడు, నాన్న కూడా గనిలోకే దిగాడు. నాన్న దిగే షాఫ్ట్ దగ్గర ఒక బోర్డు ఉండేదట. గనిలో చేయకూడని పనులు నాలుగు భాషల్లో రాసి ఉండేవి. అందులో ఒకటి, తడి బట్టలతో పని చేయరాదు. లోపల పై నుంచి నీళ్ళు కారుతుంటాయి, ఒంటి మీద చెమట కారుతుంటుంది, పొడి బట్ట అన్నదే ఉండదు. నాన్న అన్నం తింటూ ఆ బోర్డును తలచుకొని, "ఇది రాసినోడు ఒగసారి మాతో దిగి చూసింటే బాగుండు" అనేవాడు. మేము నవ్వేవాళ్ళం. ఎన్నిసార్లు చెప్పినా నవ్వేవాళ్ళం. అలాంటి బోర్డు ఒకటి నేనూ రాస్తానని అప్పుడు తెలియదు.

నేను ఎక్కువ కాలం పనిచేసింది కోలారులో ఒక ట్రస్టు ఆస్పత్రిలో. రోజూ కేజీఎఫ్ నుంచి బంగారుపేట మీదుగా బస్సులో పోయి వచ్చేదాన్ని. బెంగుళూరు నుంచి ఒక ప్లాస్టిక్ సర్జన్ నెలలో రెండు శనివారాలు వచ్చేవారు. శనివారం రోగులను చూసేవారు, ఆ రాత్రి గెస్టు రూములో ఉండి ఆదివారం ఆపరేషన్లు చేసి వెళ్ళిపోయేవారు. ఆపరేషన్లు ఉచితం. ముక్కు సరిచేసే సర్జరీ అనగానే సినిమావాళ్ళ వ్యవహారం అనుకుంటారు. మా దగ్గరికి వచ్చేవి బైకు మీద నుంచి పడి పగిలినవి, పుట్టుకతో వంకర పోయినవి, దెబ్బ తగిలి చీము పట్టి లోపలి దూలం కూలిపోయినవి.

సర్జన్ మాటకారి కాదు. థియేటర్లో నాకు అందించాల్సిన పరికరం పేరు తప్ప ఇంకేమీ అనేవారు కాదు. ఆయన మాట్లాడేది కన్నడంలో, ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను. ఆయన చేయి చాలా శుభ్రమైన చేయి. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఎక్కువ, కాబట్టి ఆయన మీద చాడీలు చెప్పను.

ఆస్పత్రికి ఒక నియమం ఉండేది. ఆపరేషన్ తరువాత డాక్టరు చెప్పిన జాగ్రత్తలు పాటించక చెడగొట్టుకున్నవాళ్ళను రెండోసారి ఉచిత జాబితాలో చేర్చుకోరు. జాబితా చాలా పొడుగ్గా ఉండేది, ఒకరికి రెండుసార్లు చేస్తే వెనకాల ఉన్నవాళ్ళు ఇంకా వెనక్కి పోతారు. నియమం కఠినమే గాని అన్యాయం కాదని నేను అనుకునేదాన్ని. నాకు సంబంధం లేనంతవరకు నియమాలన్నీ నాకు సబబుగానే కనిపించేవి.

ఆ జాగ్రత్తల కాగితం మొదట ఇంగ్లీషులో ఉండేది. డాక్టరుగారు బెంగుళూరులో తన క్లినిక్కులో ఇచ్చే కాగితమే ఇక్కడికీ తెచ్చారు. మా జిల్లాలో చాలా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, కాగితం చదివేది మాత్రం కన్నడం. అందుకని ఆ కాగితాన్ని నేను కన్నడంలోకి మార్చాను. వారం రోజులు కూర్చొని చేశాను, ఒక్క ముక్క వదలలేదు. ఆరు వారాలు ఈత కొట్టకూడదు. జిమ్‌కు పోకూడదు. కళ్ళజోడు పెట్టుకోకూడదు. చూయింగ్ గమ్ నమలకూడదు. పెంపుడు కుక్కను ముఖం దగ్గరికి రానివ్వకూడదు. విమానంలో ప్రయాణం చేసేముందు డాక్టరును అడగాలి. డాక్టరుగారు చదివి చాలా బాగుంది సిస్టర్ అన్నారు. ఆయన ఒకరిని మెచ్చుకోవడం అదొక్కసారే విన్నాను. ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడిగించి వార్డు గోడకు తగిలించారు. నేను ఆ గోడ పక్కనుంచి పోయినప్పుడల్లా దాన్ని ఒకసారి చూసుకునేదాన్ని.

ఇంక అసలు మనిషి. టేకల్ పక్క పల్లె. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. అత్తను వెంటబెట్టుకొని వచ్చింది. మొగుడు వేమగల్‌లో ఫ్యాక్టరీ పని, తెల్లవారక ముందే కంపెనీ వ్యాను ఎక్కి పోతే పొద్దుగూకినాక ఇల్లు చేరుతాడు. చిన్నప్పుడు ఆవు తల విసిరితే కొమ్ము కాదుగాని నుదురు వచ్చి ఈమె ముక్కుకు తగిలింది. వాచింది, చీము పట్టింది, ఇంట్లో ఆకుపసరు పెట్టారు. వాపు తగ్గేటప్పటికి ముక్కు నడుమ భాగం లోపలికి దిగిపోయింది. కళ్ళ మధ్య పల్లం, కింద కొన మాత్రం పైకి లేచి ఉండేది. పక్కనుంచి చూస్తే ముక్కు ఉన్నట్టే ఉండదు.

దానితోనే పెరిగింది, చదివింది, పెళ్ళి చేసుకుంది. ముక్కు కోసం ఏడ్చే మనిషి కాదు. ఊళ్ళో పాల సంఘంలో పాలు టెస్టు చేసే పని దొరికాక మొదలైంది తంటా. ముక్కు అలా కూలితే అది పెద్దరోగం, అంటే కుష్ఠు, అనే నమ్మకం మా పక్క పల్లెల్లో ఇంకా పోలేదు. ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు, ఆమె చేయి పెట్టిన చోట మా పాలు పొయ్యము అన్నారు. తాలూకా ఆస్పత్రిలో చూపించుకొని, రోగం లేదని సర్టిఫికెట్ తెచ్చి సంఘం గోడకు అంటించింది.

"కాగితం చదివేటోళ్ళు యాడుండారమ్మా. అందురూ మొగం చూసేటోళ్ళే" అంది నాతో.

సంఘం సెక్రెటరీ చెడ్డవాడేమీ కాదు. ఆపరేషన్ చేయించుకొని రా, పదిహేను రోజులు నీ పని ఇంకొకరితో చేయిస్తాను, ముక్కు సరైతే ఎవరూ నోరెత్తరు అన్నాడు. ఆ తరువాత అయితే ఆ పని ఆమెకోసం ఆపి ఉంచలేనని కూడా చెప్పాడు. ఆమె అడిగింది అందం కాదు. పాలు టెస్టు చేసే ఆ బల్ల ముందు కూర్చోవడానికి ఒక ముక్కు కావాలి, పదిహేను రోజుల్లో కావాలి.

ఇలాంటి ముక్కు లేపడానికి దారులు రెండు. మనిషి పక్కటెముక నుంచే మెత్తటి భాగం కొంచెం తీసి, చెక్కి, దూలంగా పెట్టడం ఒకటి. లేదా సిలికాన్‌తో చేసిన దూలం పెట్టడం. మొదటిది సొంత ఒంటిది, ఒకసారి అతుక్కుంటే మనిషితోపాటే ఉంటుంది, కాని రొమ్ము కింద కోత, రెండు మూడు నెలలు బరువు ఎత్తకూడదు. రెండోది అరగంట పని, తొందరగా మానుతుంది, కాని ఎప్పటికీ పరాయి వస్తువే. కదలవచ్చు, చీము పట్టవచ్చు, పలచని చర్మాన్ని తోసుకొని బయటికి రావచ్చు. డాక్టరుగారు ఆమెకు రెండూ చెప్పారు. నీ ముక్కు లోపల పాత మచ్చ ఉంది, చర్మం పలచన, నేనైతే పక్కటెముకే మంచిదంటాను అన్నారు.

ఆమె ఆలోచించిందని కూడా చెప్పలేను. "పక్క కోసుకొంటే పాలక్యాను ఎట్ల ఎత్తేది సార్? రబ్బరుదే పెట్టేయండి" అంది. డాక్టరు మళ్ళీ ఒకసారి చెప్పారు. ఆమె మళ్ళీ అదే అంది. సంతకం చేసింది.

ఆదివారం పొద్దున ఆమె ముఖం కడిగి శుభ్రం చేసింది నేనే. నుదుటి మీద, బొట్టుకు కొంచెం కుడిపక్కగా, రూపాయి బిళ్ళంత చోట చర్మం గరుకుగా ఉంది. బొట్టు ఆ పక్కకు చెదిరిపోయి ఉంది. గజ్జేమోనని, ఇదేమిటి అని అడిగాను.

"ఆవుకు ఆనిచ్చి ఆనిచ్చి అట్లయిందమ్మా. పాలు పిండేటోళ్ళకు బొట్టు నిలవదు" అని నవ్వింది.

గజ్జి కాదు కదా, అది చాలు నాకు. తుడిచేసి మందు పూశాను. పిల్లలూ, ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఆమె నాకు మొదటిరోజే చెప్పింది.

ఆపరేషన్ బాగా జరిగింది. సిలికాన్ దూలం తెల్లగా, పెన్సిలు రబ్బరును పొడుగ్గా కోసినట్టు ఉంటుంది. దాన్ని ప్యాకెట్టు నుంచి తీయడం ఒక మడి. చేతికి కొత్త గ్లవుజులు, వాటి మీద పౌడరు కడగడం, మందునీళ్ళలో ముంచడం, ఎవరి ఊపిరీ తగలకుండా అందించడం. డాక్టరుగారు బ్లేడుతో రెండు అంచులు చెక్కి చూశారు, ఇంకొంచెం చెక్కారు, లోపల పెట్టారు. పల్లం ఉన్న చోట ముక్కు లేచింది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణం నాకు బాగుంటుంది. దాచుకోవలసిన సంగతి కాదు.

మూడోరోజు పంపించేటప్పుడు ముక్కు మీద పట్టీతో మంచం మీద కూర్చొని నా కాగితాన్ని పైకి చదివింది. మంచి కన్నడం చదువు. ఈత అన్న చోట ఆగి, "మా చెరువులో నీళ్ళు చూసి ఎన్నేండ్లయింది" అంది. జిమ్ అన్న చోట అత్త అదేమిటని అడిగింది. విమానం దగ్గర ఇద్దరూ నవ్వారు. చివరికి వచ్చాక ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

"ఇవన్నీ నేను చేసేటివే కాదు కదమ్మా" అంది.

"అయితే నీకేమీ కష్టం లేదు పో" అన్నాను నేను. నేనూ నవ్వాను. కాగితం కింద డాక్టరుగారి సంతకం, దాని పక్కన నాది.

పదోరోజు పట్టీ, కుట్లు తీయడానికి వచ్చింది. అద్దం ఇచ్చేముందు చూస్తే నుదుటి మీద బొట్టు కుడివైపుకు రాసుకొనిపోయి ఉంది. కొత్త ముక్కును మొదటిసారి చూసుకునే మనిషి చెదిరిన బొట్టుతో చూసుకోవడం ఎందుకని దూదితో తుడిచి, నా బ్యాగులో ఉన్న కుంకుమ తీసి గుండ్రంగా దిద్దాను. అప్పుడు అద్దం ఇచ్చాను. చాలాసేపు చూసుకుంది. పక్కకు తిరిగి, కంటి కొనతో పక్కనుంచి ఎలా ఉందో చూడాలని ప్రయత్నించింది. అత్త ఏడ్చింది. రెండు రోజులకే బల్ల ముందు కూర్చుందట. నోరెత్తినవాళ్ళు వచ్చి పాలు పోశారట.

నాలుగో వారం శనివారం మళ్ళీ వచ్చింది. పేరు పిలవకముందే దూరం నుంచి నాకు కనబడింది. ముక్కు దూలం ఎడమకు వాలి ఉంది, కొన ఎర్రగా మెరుస్తోంది. ఆ మెరుపు తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. లోపలి వస్తువు బయటికి దారి వెతుక్కుంటోందన్నమాట.

డాక్టరుగారు వేలితో కొంచెం తాకి చూసి, తీసేయాలి అన్నారు. దెబ్బ తగిలిందా అని అడిగారు. లేదంది. కాగితంలో ఉన్నవి పాటించావా అన్నారు. ఆమె సంచిలోంచి కాగితం తీసింది. పాలిథీన్ కవరులో పెట్టి నాలుగు మడతలు పెట్టుకుంది. ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పింది. ఈత లేదు, జిమ్ లేదు, కళ్ళజోడు లేదు, గమ్ లేదు. "కుక్కను కూడా దగ్గరికి రానీలే సార్. పక్కింటోళ్ళది వస్తే కట్టె తీసుకొని తరిమినాను."

డాక్టరుగారు మళ్ళీ ఒకసారి వేలితో తాకి చూశారు. ఒత్తిడి పడకుండా అది ఇంత పక్కకు జరగదు అని నాతో అన్నారు. తరువాత కేసు షీటులో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. రోగి సూచనలు పాటించలేదు అని. సాక్షిగా నేను సంతకం చేయాలి. చేశాను. అది ఆమెకు చదవడం రాదు, నాకు వచ్చు. ఆ వాక్యం ఉన్నంతకాలం ఆమె పేరు మళ్ళీ జాబితాలోకి రాదని కూడా నాకు తెలుసు. బయట ప్రైవేటులో పక్కటెముక ఆపరేషన్ చేయించుకునే స్థితి ఆ ఇంటిది కాదు. అంటే ఆమెకు జన్మకు ముక్కు లేదు. అయినా చేశాను. అబద్ధం చెబుతోందేమో అనుకున్నాను కూడా. ఎక్కడో జారి పడుంటుంది, చెప్పడానికి భయపడుతోంది అనుకున్నాను. బస్సులో ఇంటికి పోతూ మర్నాటి ఆపరేషన్లకు పరికరాలు సరిపోతాయా లేదా అని ఆలోచించాను గాని ఆమె గురించి ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున ఆమెదే మొదటి కేసు. తీయడం చిన్న పని, మత్తు అక్కరలేదు, ముక్కు చుట్టూ తిమ్మిరి సూది వేస్తే చాలు. రోగి మెలకువగానే ఉంటుంది. నేను చేతులు కడుక్కొని స్టెరైల్ గౌను వేసుకొని వచ్చాను. మందులో ముంచిన గుడ్డతో నుదుటి నుంచి కిందికి తుడవాలి. మొదటి తుడుపుకే గుడ్డ మీద రెండు పొట్టి వెంట్రుకలు వచ్చాయి. ఎర్రటివి. మనిషివి కావు.

గుడ్డ పట్టుకొని అలాగే నిలబడ్డాను. గరుకు మచ్చ, చెదిరిన బొట్టు, నా బ్యాగులోని కుంకుమ, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. డాక్టరుగారు సూది పట్టుకొని ఎదురు చూస్తున్నారు. సిస్టర్ అన్నారు.

నేను ఆమెను అడిగాను. "ఇంట్లో ఆవులను పిండేది ఎవరు?"

"నేనే కదమ్మా. అత్తకు ఆయాసం, ఆయప్ప తెల్లారకనే ఫ్యాక్టరీకి పోతాడు."

"ఆపరేషన్ అయినాక ఎన్నో రోజు నుంచి పిండినావు?"

"ఇంటికి పోయిన దినం సాయంత్రం నుంచే. పిండకుంటే పొదుగు వాచిపోతాది కదా."

"ఎట్ల పిండుతావో చూపించు. నేనే ఆవు అనుకో."

టేబులుకు ఆనుకొని నిలబడ్డాను. ఆమె నా ముఖం చూసి, డాక్టరు ముఖం చూసి, పక్కకు ఒత్తిగిల్లింది. నుదురు తెచ్చి నా కడుపుకు ఆనించింది. దానితోపాటే ముక్కు, కుడి చెంప కూడా ఆనాయి. రెండు చేతులూ గాలిలో పిడికిళ్ళు పట్టి పైకీ కిందికీ ఆడించింది. పిడికిలి దిగినప్పుడల్లా తల ఒక పిసరు ముందుకు ఒత్తుకుంటోంది. ఒత్తుకున్నప్పుడల్లా ముక్కు ఎడమకు పోతోంది. రోజుకు రెండు పూటలు, రెండు ఆవులు, దాదాపు నాలుగు వారాలు. పూటకు ఎన్ని పిడికిళ్ళో లెక్క నాకు తెలియదు.

స్టెరైల్ గౌను మీద రోగి నుదురు ఆనించుకున్న థియేటర్ సిస్టరును ఎవరూ చూసి ఉండరు. డాక్టరుగారు చూస్తూ నిలబడ్డారు.

నేను అన్నాను. "సార్, ఈమె సూచనలన్నీ పాటించింది. పాలు పిండొద్దని మనం చెప్పలేదు. ఆవుకు నుదురు ఆనిస్తానని ఈమె నాకు మొదటిరోజే చెప్పింది. పదోరోజు బొట్టు చెదిరి వస్తే నేనే దిద్దాను. కాగితం రాసింది నేను."

సిగ్గు వేసింది, భయం కూడా వేసింది. అన్నేళ్ళలో ఒక్క మెమో కూడా లేని సర్వీసు నాది.

ఆయన సూదిని ట్రేలో పెట్టారు. కేసు షీటు తెమ్మని అటెండరుకు చెప్పారు. గ్లవుజులు విప్పి, నిన్న రాసిన వాక్యం మీద ఒక గీత గీసి, దాని కింద సూచనల్లోనే లోపం ఉంది అని రాసి సంతకం చేశారు. కాగితం మీ చేత రాయించి, దాని కింద సంతకం చేసింది నేను అన్నారు నాతో. తరువాత, వెళ్ళి మళ్ళీ చేతులు కడుక్కొని గౌను మార్చుకొని రండి, ఈ గౌను పనికిరాదు అన్నారు. అంతే. ఇద్దరం మళ్ళీ మొదటి నుంచి చేతులు కడుక్కున్నాం.

దూలం బయటికి వచ్చింది. ట్రేలో పడేసరికి చిన్న చప్పుడైంది. చూపించమంది. చూపించాను.

"ఇంతేనా" అంది. తరువాత కళ్ళు మూసుకొని, "చిన్నప్పుడూ ఆవే, ఇప్పుడూ ఆవే" అంది. కోపంగా అనలేదు. కంటి పక్కనుంచి నీళ్ళు కారి చెవిలోకి పోతుంటే తుడిచాను.

లోపల మానడానికి ఆరు నెలలు ఆగాలి, తరువాత పక్కటెముకతో చేస్తాం, నీ పేరు జాబితాలో ఉంటుంది అని డాక్టరుగారు చెప్పారు. ఆమె పోయింది. ముక్కు మళ్ళీ పల్లంగా, ఈసారి కొనలో ఒక మచ్చతో. అదే ముఖంతో అదే బల్ల ముందుకు పోవాలి.

నేను గోడ మీది కాగితాన్ని తీసేశాను. ఎవరూ అడగలేదు. కొత్తది రాయడానికి కూర్చుంటే ఒక్క వాక్యం కుదరలేదు. నేను కేజీఎఫ్ లైన్లలో, గని కూలీల వరస ఇళ్ళలో, పుట్టి పెరిగినదాన్ని. పాలు సీసాలో వచ్చేవి, తరువాత ప్యాకెట్లో వచ్చాయి. ఆవును పిండటం దూరం నుంచి చూశానే గాని ఆ పని చేసే ఒంటికి ఏమేమి తగులుతాయో నాకు తెలియదు. నాన్న చెప్పిన బోర్డు రాసినవాడికీ నాకూ తేడా లేదని అప్పుడు ఒప్పుకున్నాను. అతను కనీసం నాలుగు భాషల్లో రాశాడు.

అయిదు నెలలయ్యాక ఒక సెలవురోజు రైలెక్కి టేకల్లో దిగాను. ఆటోలో వాళ్ళ ఊరికి పోయేసరికి సాయంత్రం పాలు పోసే వేళ. బల్ల ముందు ఇంకెవరో కూర్చొని ఉంటారని సిద్ధపడి పోయాను. ఆమే ఉంది. అదే కూలిన ముక్కు, ముందర క్యాన్లు పట్టుకొని వరస. వరసలో నిలబడి నేనూ చూశాను. ఎవరూ వంక పెట్టడం లేదు.

పని అయ్యాక ఇంటికి తీసుకుపోయి చెప్పింది. రబ్బరు తీసినాక ఊళ్ళోవాళ్ళందరూ చూడటానికి వచ్చారట. డాక్టరు ముక్కు లోపల చేయి పెట్టాడు, వస్తువు పెట్టాడు, తీశాడు, మళ్ళీ రమ్మన్నాడు. రోగమే అయితే అంత పెద్ద డాక్టరు రెండుసార్లు చేయి పెడతాడా అని, ముందు మా పాలు పొయ్యము అన్న పెద్దమనిషే తేల్చాడట. సర్టిఫికెట్ చెయ్యలేని పని చెడిపోయిన ఆపరేషన్ చేసింది.

"ఇప్పుడు అయ్యో పాపం అంటా ఉండారమ్మా. ముందు అంటినా అంటుకుంటాదని పారిపోయినోళ్ళే" అంది.

నేను అంత భయపడుతూ నిలబెట్టిన రెండో అవకాశం ఇంక ఆమెకు అక్కరలేదేమో అనుకున్నాను. అడిగాను. వస్తావా రావా అని.

"రాకేమి. నాకు కావల్ల" అంది. "ముందు వాళ్ళ కోసరం అనుకొంటిని. పట్టీ తీసిన దినం మీరు అద్దం ఇచ్చినారు చూడండి, అప్పుటి నుంచి నా కోసరమే. అది నా మొగమే అమ్మా. చూసినాను కదా." ఎప్పుడొచ్చేదీ తనే చెప్పింది. "ఆవు రెండూ ఒట్టిపోయినాక వస్తాను. పిండే పని ఉండదు."

కొత్తది రాయడానికి తీసుకుపోయిన తెల్లకాగితాన్ని ఆమె ముందు పెట్టాను. ఇద్దరం గడప మీద కూర్చొని రాశాం. ఆమె చెబుతుంటే నేను రాశాను. పాలు పిండకూడదు, ఆవుకు నుదురు ఆనించకూడదు అన్నది మొదటి వాక్యం. దూడను పట్టుకోకూడదు, తల విసురుతుంది. గడ్డిమోపు నెత్తికి ఎత్తుకోకూడదు. వంగి పొయ్యి ఊదకూడదు. రాగులు చెరిగే చోట కూర్చోకూడదు, తుమ్ములు వస్తాయి. పట్టుగూళ్ళు ఉడికించే ఆవిరి దగ్గర నిలబడకూడదు. అత్త లోపలి నుంచి, పిల్లోణ్ణి ఎత్తుకొని ముద్దులాడకూడదని కూడా రాయమ్మా, వాడు ముక్కే పట్టుకుంటాడు అంది. అదీ రాశాను. చివర పాతదాంట్లోని ఈత ఉంచమంటావా అని అడిగితే, ఉండనీండి, వానలొచ్చి చెరువు నిండితే పనికొస్తాది అంది.

ఆపరేషన్ తేదీ అడిగినప్పుడు డాక్టరుగారికి అదే చెప్పాను. ఆవులు ఒట్టిపోయాక సార్ అని. ఆయన డైరీలో తేదీ ఉండాల్సిన చోట కన్నడంలో ఆ మాటే రాసుకున్నారు.

రబ్బరు తీసిన తొమ్మిదో నెలలో వచ్చింది. పక్కటెముక నుంచి తీసి దూలం చెక్కారు. ఈసారి ఇంటికి పంపేటప్పుడు నేను నవ్వలేదు, నీకేమీ కష్టం లేదనీ అనలేదు. కాగితం ఆమె చేత చదివించలేదు, నీ ఇంట్లో ఏ పని ఎవరు చేస్తారో చెప్పు అని అడిగి విన్నాను. క్యాన్లు ఎత్తడానికి సెక్రెటరీ ఒక మనిషిని పెట్టాడట. ఒక ఆవు ఒట్టిపోయింది గాని రెండోది ఇంకా పూటకు రెండు లీటర్లు ఇస్తూనే ఉందని, దాన్ని పొద్దున వ్యాను ఎక్కకముందు, రాత్రి దిగినాక మొగుడే పిండుతాడని చెప్పింది. మగవాడు రోజూ పిండుతాడా అని నాకు అనుమానమే.

ఆరు వారాలకు చూపించుకోవడానికి వచ్చింది. డాక్టరుగారు ముందు ముక్కును చూశారు, వేలితో తాకారు, పక్కనుంచి చూశారు. నేను ముక్కు చూడలేదు. నుదురు చూశాను. గరుకు మచ్చ మానిపోయి నున్నగా ఉంది. దాని పక్కన బొట్టు, పొద్దున ఇంట్లో పెట్టుకున్నది పెట్టుకున్నట్టే, గుండ్రంగా ఉంది.